క్యాంపర్ డెలివరీ శనివారం: తాళాలు చేతికి తీసుకునే ముందు ఏమేం చూసుకోవాలి?

అల్లూరు_గుంటలగట్టు:
అన్నలందరికీ నమస్కారం. మాది అల్లూరు పక్కన పల్లె. రొయ్యల గుంటలు, కొంచెం వరి. ఇన్నాళ్లూ మేత బస్తాలకీ కూలీలకీ వేరే వాళ్ల బండ్లు మాట్లాడుకుంటా వచ్చాం. ఇప్పుడు నాయన ఒప్పుకున్నాడు, బొలెరో క్యాంపర్ (ముందు రెండు వరుసల సీట్లు, వెనక ట్రాలీ ఉండే బండి) బుక్ చేశాం. లోను మంజూరయింది, మా వాటా డబ్బులు కొంత కట్టాం, కొంత కట్టాల.

శనివారం డెలివరీ. బండి నేరుగా మాలకొండకి తీసకపోయి పూజ చేయించాలని అమ్మ మొక్కుకుంది. ఆ గుడి శనివారమే గదా తీసేది, అందుకని ఆ రోజే కావాలని మేమే అడిగాం. షోరూం అబ్బాయిని ఏమేం చూసుకోవాలని అడిగితే "అంతా మేం చూసుకుంటాం సార్, మీరు పూలదండ తెచ్చుకుంటే చాలు" అన్నాడు. మా ఇంట్లో నాలుగు చక్రాల బండి కొనడం ఇదే మొదలు. ఎవరైనా తీసుకున్నోళ్లు ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

ఇంకోటి. మా తమ్ముడు వెనక ట్రాలీ మీద పడుకునే డబ్బా ఒకటి కట్టిద్దామంటన్నాడు. రాత్రిళ్లు గుంటల కాడ కాపలాకి, ఎప్పుడన్నా ఊర్లు తిరగడానికి. అమెరికాలో అట్టాంటివి ఉంటాయని వీడియోలు చూపిస్తన్నాడు. అది కుదిరే పనేనా?

మినీబైపాస్_మెకానిక్:
తమ్ముడూ, బండి చూసేది శనివారం కాదు. అది పూజ రోజు. అమ్మ ఉంటది, చుట్టాలు ఉంటారు, బండికి రిబ్బను కట్టి ఉంటది, ఫోటోలు తీస్తంటారు. ఆ గొడవలో బండి కిందికి వంగి చూసే మనిషి ఎవడూ ఉండడు. చూసినా, "ఇది బాగలేదు, నాకొద్దు" అనే ధైర్యం ఆ రోజు ఎవరికీ రాదు.

నువ్వు బుధవారమో గురువారమో యార్డుకి పో. పొద్దున పూట, ఎండలో. రిజిస్ట్రేషన్‌కి పంపకముందే పోవాల. నీ పేరు మీద ఇన్‌వాయిస్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ అయిపోతే ఆ ఛాసిస్ నంబరు నీకు అతుక్కుంటది. అప్పటిదాకా ఆ బండి షోరూం వాళ్లది, "ఇంకోటి చూపించు" అనొచ్చు. ఆ తర్వాత ఎంత అరిచినా "సర్వీసుకి తీసుకురండి, సరిచేస్తాం" అనే మాటే వస్తది. మిగతా డబ్బులు కూడా బండి చూసి ఒప్పుకున్నాకే కట్టు.

ముందు ఛాసిస్ నంబరు వాట్సాప్‌లో రాయించుకో. యార్డుకి పోయి బండి మీద కొట్టిన నంబరూ అదీ ఒకటేనా చూడు. తయారైన నెల, సంవత్సరం ప్లేటు మీద ఉంటది. ఫారం 21 అని అమ్మకం సర్టిఫికెట్ ఇస్తారు, అందులోనూ ఆ నెల రాసుంటది. రెండూ కలవాల.

టైర్లు ఐదూ చూడు, స్టెప్నీ మర్చిపోవద్దు. పక్కన డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే కోడులో చివరి నాలుగంకెలు చదువు. 3225 అని ఉంటే 2025లో 32వ వారం తయారైన టైరని. నాలుగు కొత్తగా ఉండి ఒకటి మాత్రం ఏడాది పాతదైతే ఎందుకని అడుగు.

బానెట్ తీయించు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే ఆయిల్, కూలెంట్ చూడు. తర్వాత స్టార్ట్ చేయించు. నువ్వు పోయేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే బ్యాటరీ డౌనై ముందే తోసి స్టార్ట్ చేశారేమో అనుమానించు. మీటరు ఉంటే బ్యాటరీ మీద పెట్టు. ఆపిన బండికి 12.6 వోల్టుల దగ్గర ఉండాల. 12.2 కన్నా కిందుంటే ఆ బ్యాటరీ చాన్నాళ్లు ఎండలో పడి ఉండాదని లెక్క. ఇంజిన్ నడిచేటప్పుడు 14 దగ్గరికి రావాల.

చీమకుర్తి_నల్లరాయి:
అన్నా, మాకు ఇక్కడ యార్డులోకి రానీలేదు. "కంపెనీ రూలు సార్, సేఫ్టీ" అన్నారు. అట్టాంటప్పుడు ఏం చేయాలి?

మినీబైపాస్_మెకానిక్:
"సరే, నేను రాను, బండినే బయటికి తెప్పించండి, చూసినాక మిగతా డబ్బులు కడతా" అని చెప్పు. నోటిమాట కాదు, మెసేజ్ పెట్టు. డబ్బు బాకీ ఉన్నన్నాళ్లు రూళ్లు వంగుతయ్.

గూడూరు_నిమ్మతోట:
నేనొకటి చెప్తా, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. మన జిల్లాల్లో నవంబరు, డిసెంబరు వానలు ఎట్టా ఉంటాయో అందరికీ తెలుసు. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు అవతల హైవేనే తెగింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మనకీ గట్టిగానే తగిలింది. షోరూముల యార్డులు చాలావరకు ఊరిబయట పల్లంలో ఉంటాయి. అక్కడ నీళ్లు నిలిస్తే ఆ బండ్లు ఏమవుతాయి? కడుగుతారు, పాలిష్ కొడతారు, అమ్ముతారు.

మా బావమరిదికి అట్టాంటి బండే అంటగట్టారు. షోరూం పేరు ఇక్కడ వద్దులే. బయటికి మెరిసిపోతా ఉంది. కొన్న కొన్నాళ్లకి లోపల లైట్లు ఒకసారి వెలగడం, ఒకసారి ఆరడం. విప్పి చూస్తే సీటు కింద వైర్ల జాయింట్లు పచ్చగా చిలుమెక్కి ఉన్నయ్. వాళ్లు ఒప్పుకోలేదు, ఆయన వేరే చోట వైరింగ్ చేయించుకోవాల్సొచ్చింది.

అందుకని ఇట్టా చూడండి. సీటు బెల్టు చివరిదాకా లాగండి, రోలులో చుట్టి ఉండే ఆ ఆఖరి మూరెడు బయటికి రావాల. కడిగినోడు అందాక కడగడు. బురదనీళ్లు తగిలుంటే అక్కడ గోధుమరంగు గీత అడ్డంగా ఉంటది, వాసన కూడా పట్టేస్తది. తర్వాత సీటు ముందుకి జరిపి పట్టాల మీద తుప్పు ఉందేమో వేలు పెట్టి చూడండి. ఫ్యూజుల డబ్బా మూత తీయండి. వెనక ట్రాలీ కింద స్టెప్నీ పైన ఉండే పళ్లెంలో ఎండిన బురద ఉందేమో టార్చి వేసి చూడండి.

కొత్తపట్నం_అలలు:
సముద్రం పక్కనోళ్లకి ఇంకో మాట. మీది రొయ్యల పని కాబట్టి చెప్తన్నా. ఐసు కరిగిన ఉప్పునీళ్లు ట్రాలీలో రోజూ పడతయ్. డెలివరీ రోజే ట్రాలీ అడుగున, ఛాసిస్ కింద తుప్పు పట్టకుండా కోటింగ్ కొట్టించండి. లోడు ఎత్తినాక కొట్టిస్తే అడుగున చేరిన ఉప్పు మీద రంగు వేసినట్టే. రబ్బరు షీటు వేస్తారు చూడండి, దాని కింద ఉప్పునీళ్లు నిలిచిపోతయ్. వేస్తే వారానికోసారి ఎత్తి మంచినీళ్లతో కడగండి. నీళ్లు పోయే చిల్లులు మూసుకుపోయి ఉన్నాయేమో ముందే చూసుకోండి.

మెకానిక్ అన్న చెప్పినట్టు గురువారం పోయి చూడటం మంచిదే గానీ, దానికోసం మొక్కు వాయిదా వేయొద్దు. పెద్దామె మనసు కూడా ముఖ్యం.

మినీబైపాస్_మెకానిక్:
వాయిదా వేయమని నేనెక్కడన్నా సామీ. ముందే చూసుకుంటేనే శనివారం ఆమె నిమ్మకాయలు తొక్కించి నిశ్చింతగా కొండకి పోద్ది.

మిల్లు_గుమస్తా:
కాగితాల సంగతి నేను చెప్తాను. నెల్లూరులో రైసుమిల్లులో లెక్కలు రాస్తుంటాను, ఇట్లాంటి బండ్ల బిల్లులు నా చేతి మీదుగానే పోతాయి.

2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. మీ కొటేషన్ పాతదైతే ఇన్‌వాయిస్‌లో 18 ఉందో లేదో చూడండి. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ నంబరు ఇన్‌వాయిస్ మీద తప్పకుండా వేయించండి. కార్ల మీద కట్టిన పన్ను మామూలుగా వెనక్కి రాదు గానీ, సరుకు బండి మీద కట్టినది వ్యాపారం లెక్కలో జమ చేసుకోవచ్చు. మీరు పన్ను పడే సరుకు అమ్ముతున్నారా, పడనిదా అనేదాన్ని బట్టి ఎంత జమ అవుతుందో మారుతుంది. రొయ్యలు, వరి అంటున్నారు కాబట్టి మీ ఆడిటర్ని ముందు అడగండి. బిల్లు అయ్యాక నంబరు మార్పించడం పెద్ద తలనొప్పి.

ఇన్‌వాయిస్ విలువ 10 లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే మీ తరఫున ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు. అది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమవుతుంది, రిటర్ను వేసినప్పుడు తీసుకోవచ్చు. పాన్ నంబరు సరిగ్గా ఇవ్వండి.

ఇన్సూరెన్స్ షోరూంలోనే చేయాలని నిర్బంధం లేదు. బయట రెండు మూడు చోట్ల అడిగి పోల్చుకోండి. ఎక్కడ చేసినా పాలసీ మీద ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, లోను ఇచ్చిన బ్యాంకు పేరు, అన్నిటికంటే ముఖ్యంగా పాలసీ మొదలయ్యే తేదీ, సమయం చదవండి. పన్నెండింటికి గేటు దాటే బండికి అర్ధరాత్రి నుంచి పాలసీ మొదలవుతుందని ఉంటే, మాలకొండ పోయి వచ్చేదాకా మీ బండికి ఏ రక్షణా లేనట్టే. ప్రైవేటు కారులా మూడేళ్ల థర్డ్ పార్టీ దీనికి ఉండదు, ఏటేటా కట్టాలి.

"హ్యాండ్లింగ్", "లాజిస్టిక్స్" అని విడిగా ఏమైనా అడిగితే దేనికో రాసి రసీదు ఇమ్మనండి. రసీదు ఇవ్వలేనిది కట్టకండి.

ఒంగోలు_నల్లకోటు:
ఆ పాలసీ విషయంలో ఒకటి చేర్చాలి. ఇది నేను కోర్టులో రోజూ చూసే బాధ.

క్యాంపర్ అంటే ముందు రెండు వరుసల సీట్లు, వెనక ట్రాలీ. ఆర్‌సీలో ఎంతమంది కూర్చోవచ్చని ఉంటే అంతమందే, అదీ క్యాబిన్‌లోనే. పొగాకు కోతకనీ మిరప కోతకనీ వెనక ట్రాలీలో కూలీలను నిలబెట్టి తీసుకెళ్తారు మన వైపు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ ఆ కూలీల కుటుంబాలకు డబ్బు ఇవ్వక్కర్లేదని వాదిస్తుంది, చాలాసార్లు గెలుస్తుంది కూడా. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషుల గురించి ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. అప్పుడు పరిహారం ఓనరు ఇంటి మీద పడుతుంది. గుంటలు, పొలం అమ్ముకున్నవాళ్లని చూశాను. చనిపోయినవాళ్ల పిల్లల్ని కూడా చూశాను. దయచేసి వెనక మనుషుల్ని ఎక్కించొద్దు. క్యాబిన్‌లో వచ్చే డ్రైవరుకీ పనివాళ్లకీ అదనపు కవర్ తీసుకోండి, దానికయ్యేది చిన్న మొత్తమే.

లైసెన్సు గురించి చాలామందికి అనుమానం. మామూలు కారు లైసెన్సు, అంటే ఎల్‌ఎంవీ ఉంటే 7,500 కిలోల లోపు రవాణా బండి నడపొచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టంగా చెప్పింది. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అవసరం లేదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మాత్రం కావాలి. కొత్త బండికి రెండేళ్లకి ఇస్తారు, ఆ తేదీ ఫోనులో పెట్టుకోండి. నంబరు ప్లేట్లు హెచ్‌ఎస్‌ఆర్‌పీ, అంటే హై సెక్యూరిటీ ప్లేట్లు, పసుపువి, షోరూం వాళ్లే బిగించాలి. వెనక ఎరుపు, ముందు తెలుపు, పక్కల పసుపు రిఫ్లెక్టర్ టేపు ఉందో లేదో చూసుకోండి. రాత్రిపూట గుంటల రోడ్ల మీద లైట్లుండవు కదా.

తమ్ముడి డబ్బా విషయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. కారవాన్ అనే బండికి ఏఐఎస్-124 అని వేరే ప్రమాణం ఉంది. వీధి చివర వెల్డింగ్ షాపులో కట్టించిన డబ్బాకి ఆ ఆమోదం రాదు. రేపు ప్రమాదమైతే క్లెయిము కొట్టేయడానికి అదే సాకు.

డాలస్_కందుకూరు:
తమ్ముడు చూపించిన వీడియోల సంగతి నేను చెప్పగలను. మాది కందుకూరు, ఇప్పుడు టెక్సస్‌లో ఉంటున్నాం. ఇక్కడ క్యాంపర్ అంటే పికప్ ట్రక్కు మీద కూర్చునే పడక గది, అట్లాంటిది ఒకటి డీలరు దగ్గర డెలివరీ తీసుకున్నాం. అది ట్రాలీకి వెల్డింగ్ చేసేది కాదు. నాలుగు మూలలా జాకీల మీద గది నిలబడి ఉంటుంది, దాని కిందికి ట్రక్కు రివర్సులో పోతుంది, గదిని దించి గొలుసులు, బిగింపు మరలతో కట్టేస్తారు. అక్కర్లేనప్పుడు దించి ఇంటి పక్కన పెట్టుకోవచ్చు.

అక్కడా ఇదే గొడవ. డీలరు మనిషి అన్నీ తిప్పి చూపిస్తాడు, చివర్లో సంతకం పెట్టమంటాడు. అన్నీ నడిపించి చూశాకే సంతకం పెట్టాలి. మేం నీళ్ల ట్యాంకు నింపించి, కుళాయిలన్నీ కట్టేసి పంపు వేయించాం. లైనులో ఒత్తిడి వచ్చాక పంపు ఆగిపోవాలి. ఎవరూ కుళాయి తిప్పకుండానే ఉండుండీ మళ్లీ టకటకమంటే ఎక్కడో కారుతున్నట్టు లెక్క. మాకు అట్లాగే అయింది. సింకు కింద ఒక జాయింటు తడిగా ఉంది. అక్కడికక్కడే బిగించారు. ఇంటికి తెచ్చుకుని ఉంటే చెక్క ఉబ్బేదాకా తెలిసేది కాదు. గ్యాసు జాయింట్లకి సబ్బునురగ పూసి బుడగలొస్తాయేమో చూడాలి. గ్యాసు మీద నడిచే ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది, కాబట్టి ముందురోజు రాత్రే వేసి ఉంచమని చెప్పాలి. నిచ్చెన వేసుకుని పైకెక్కి కప్పు మీద అతుకుల దగ్గర జిగురు పగిలిందేమో చూడాలి. రోడ్డెక్కాక కొంతదూరం పోయి ఆపి ఆ బిగింపు మరలు మళ్లీ ఒకసారి బిగించాలి, మొదట్లో వదులవుతాయి.

కానీ అన్నిటికీ మించి బరువు. డ్రైవరు తలుపు తీస్తే పక్కన ఒక స్టిక్కరు ఉంటుంది, మనుషులూ సరుకూ కలిపి ఇంతకి మించకూడదని. క్యాంపర్ పుస్తకంలో రాసేది ఖాళీ బరువు. అందులో నీళ్లుండవు, గ్యాసుండదు, మన సామానుండదు. నీళ్లు లీటరుకి కిలో. అందుకే అన్నీ నింపుకుని లారీలు ఆగేచోట కాటా వేయించాం.

మీ బొలెరో మోసేది సుమారు టన్ను. మేత బస్తా 25 కిలోలు అనుకుంటే 40 బస్తాలు, అది కూడా లోపల కూర్చున్న మనుషుల బరువు తీసేయకుండా వేసిన లెక్క. ఇనుప డబ్బా, మంచం, నీళ్ల డ్రమ్ము శాశ్వతంగా పెడితే మేతకి మిగిలేదెంత? ఎత్తు పెరిగితే చెరువుకట్ట మలుపులో బండి ఒరుగుతుంది కూడా.

అల్లూరు_గుంటలగట్టు:
అన్నా, తమ్ముడు పక్కనే కూర్చుని చదివాడు. బస్తాల లెక్క దగ్గర ఆగిపోయాడు. డబ్బా మాట వదిలేశాం. బండి ఆపినప్పుడు టార్పాలిన్ కట్టుకుని, దోమతెర వేసుకుని ట్రాలీలో పడుకుంటే చాలంటన్నాడు.

గూడూరు_నిమ్మతోట:
అది మంచిది. కానీ ఏసీ కోసం ఇంజిన్ వేసి అద్దాలు మూసుకుని క్యాబిన్‌లో మాత్రం పడుకోనీయవద్దు. పొగ లోపలికి చేరితే నిద్రలోనే ప్రాణం పోద్ది.

అల్లూరు_గుంటలగట్టు:
గురువారం పొద్దున్నే నేనూ తమ్ముడూ పోయొచ్చాం. మా ఊరి ట్రాక్టరు మెకానిక్ని వెంట పెట్టుకుని పోయాం. మొదట యార్డులోకి వద్దన్నారు. మిగతా డబ్బులు చూశాకే అంటే మేనేజరు ఫోను చేశాడు, పంపించారు.

బెల్టులు చివరిదాకా లాగాం, శుభ్రంగా ఉన్నయ్. సీటు పట్టాలు కూడా. నంబర్లు కలిసినయ్. కానీ స్టెప్నీ మిగతా టైర్లకంటే పాతది, వేరే కంపెనీది. బ్యాటరీ 12.1 చూపించింది. ఇంకా, వెనక తలుపుకి కుడివైపు కీలు కాడ రంగు తేడాగా ఉంది. దూరం నుంచి కనపడదు. ఎండ పక్క నుంచి పడేటప్పుడు వంగి చూస్తే అరచేయంత మేర నారింజ తొక్కలాగా గరుగ్గా ఉంది. కీలు బోల్టు తలకి రెంచి వేసిన గుర్తులు. "లారీలోంచి దించేటప్పుడు తగిలుంటది సార్, సీటు కవర్లు ఫ్రీగా వేయిస్తా" అన్నాడు షోరూం అబ్బాయి. ఏం చేయమంటారు?

మినీబైపాస్_మెకానిక్:
బాగా పట్టుకున్నారు! సీటు కవర్లు వద్దు. స్టెప్నీ, బ్యాటరీ మార్పించుకో, అవి వాళ్లకి పెద్ద పని కాదు. తలుపు సంగతి ఆలోచించాల. తలుపు మూసి రెండు పక్కలా సందు చూడు. సమానంగా ఉండి, కొక్కీ సులువుగా పడి, కింద ట్రాలీ ఫ్లోరు వంగకపోతే అది పైదెబ్బే. అప్పుడు కొత్త తలుపు వేయమను, లేకపోతే ఇంకో బండి ఇవ్వమను. సందు తేడాగా ఉంటే మాత్రం ఆ బండి వద్దే వద్దు.

చీమకుర్తి_నల్లరాయి:
నేనైతే ఏది ఎట్టున్నా ఇంకో బండే అడుగుతా. కొత్త బండి డబ్బులు కడతా రిపేరు బండి ఎందుకు తీసుకోవాల?

ఒంగోలు_నల్లకోటు:
ఏది ఒప్పుకున్నా షోరూం లెటర్‌హెడ్ మీద ఛాసిస్ నంబరుతో సహా రాయించి, ముద్ర వేయించి తీసుకోండి. ఆ కాగితం లేకపోతే మీరు ఏమీ అడగనట్టే.

అల్లూరు_గుంటలగట్టు:
ఇంకో బండే అడిగాం. ఇదే రంగు లేదు, తెలుపు ఉండాదన్నారు. నాయన "రంగుదేముంది, తెల్లదే తీసుకో" అన్నాడు. శుక్రవారం అది కూడా ఎండలో చూశాం. ఐదు టైర్లు ఒకే కంపెనీవి, బ్యాటరీ 12.6. తర్వాతే మిగతా డబ్బులు కట్టాం. ఇన్సూరెన్స్ బయట చేయించాం, శనివారం పొద్దున ఎనిమిదింటి నుంచి మొదలయ్యేట్టు.

ఈ రోజు డెలివరీ అయింది. అమ్మే ముందు సీట్లో కూర్చుంది. మాలకొండలో రద్దీ బాగా ఉంది, పూజ మాత్రం తృప్తిగా అయింది. అందరికీ పేరుపేరునా దండాలు.

ఒక్క అనుమానం. ఫాస్టాగ్ షోరూం వాళ్లే అతికించారు. పోయేటప్పుడు ముసునూరు టోల్ కాడ కారుకి కట్టినంతే కట్ అయింది. ఇది సరుకు బండి గదా?

మిల్లు_గుమస్తా:
సరుకు బండైనా మొత్తం బరువు 7,500 కిలోలు దాటకపోతే జాతీయ రహదారి టోల్ కారు రేటే, కాబట్టి కట్ అయింది సరైనదే. అయినా ట్యాగ్‌లో రాసిన తరగతి ఆర్‌సీకి సరిపోయిందో లేదో ఒకసారి చూసుకోండి. తేడా ఉంటే ఆర్‌సీ కాపీ పెట్టి ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకి ఫిర్యాదు చేయండి, తరగతి సరిచేస్తారు. సోమవారమే చూడండి.

కొత్తపట్నం_అలలు:
అండర్ కోటింగ్ కూడా సోమవారమే. మేత లోడు దాని తర్వాతే.